విహారయాత్రల జాబితాలో సముద్రం

వినుకొండ కొండల ఊరు. రామలింగేశ్వరుని కొండెక్కి నాలుగు దిక్కులా చూస్తే రాళ్లు, మిరప చేలు, పత్తి చేలు, రైలు కట్ట, దూరాన నల్లమల నీలిగీత కనిపిస్తాయి. సముద్రం మాత్రం కనిపించదు. ఈ ఊరిలోనే 1895లో జన్మించిన గుర్రం జాషువ మహాకవి తన కావ్యంలో ఒక గబ్బిలాన్ని దేశం మీదికి దూతగా పంపించారు. గుడి తలుపులు తన కోసం తెరుచుకోని నిరుపేద, ఆ గుడిలోనే వేలాడే గబ్బిలంతో తన మొర శివునికి విన్నవించుకుంటాడు. అంతటి సంచారిని సృష్టించిన ఊరిలో చదువుకుంటూ, కాళ్లుండీ కన్నులుండీ ఎనభై కిలోమీటర్ల దూరాన ఉన్న సముద్రాన్ని ఎరుగకుండా పట్టా పుచ్చుకొని వెళ్లిపోయే విద్యార్థులు మనలో ఎందరో ఉన్నారు. ఈ వ్యాసం ఆ లోటును గురించి.

మూడేళ్ల క్రిందటి వరకూ మన కళాశాల విహారయాత్రల జాబితాలో సముద్రం ఉండేది. ఒక ఏడాది నాగార్జునసాగరం, ఒక ఏడాది హైదరాబాదు, ఒక ఏడాది బాపట్ల దగ్గర సూర్యలంక. ఆ తరువాత ఒక ఆదివారం మన విద్యార్థులు ఐదుగురు, ఇంట్లో ఒక మాట చెప్పి, కళాశాలకు ఏ మాటా చెప్పక సముద్రస్నానానికి వెళ్లారు. సాయంత్రం నలుగురే తిరిగివచ్చారు. ఆ ఐదవ మిత్రుని పేరు ఇక్కడ వ్రాయబోము. ఆయన తల్లి ఇప్పటికీ మన వీధిలోనే నడుస్తున్నారు. మనకు ఎదురైనప్పుడు మన పుస్తకాల వంక చూసి తలదించుకుంటారు. నాటి నుంచి కమిటీ వారు సముద్రతీర యాత్రలను నిలిపివేశారు. వారి బాధ మాకు తెలుసు. ఒక తండ్రికి జవాబు చెప్పలేక నిలబడిన వారు రెండవసారి అటువంటి జవాబు చెప్పే పరిస్థితి రాకూడదని అనుకోవడంలో తప్పు ఏమీ లేదు.

అయినా మా అభిప్రాయం వేరు. ఆ నిర్ణయం సముద్రాన్ని జాబితాలోంచి తీసివేసింది గాని విద్యార్థుల మనసులోంచి తీసివేయలేదు. ఆ తరువాత కూడా మనవాళ్లు సముద్రానికి వెళుతూనే ఉన్నారు. మునుపు అధ్యాపకులతో వెళ్లేవారు, ఇప్పుడు దొంగతనంగా వెళుతున్నారు. మునుపు వెళ్లి ఒడ్డున కూర్చున్నవారు, ఇప్పుడు అడిగేవారు లేక నడుము లోతు దిగుతున్నారు. ప్రమాదం తగ్గలేదు సరికదా, మన కన్ను దాటిపోయింది. కాబట్టి సముద్రాన్ని నిషేధించడం కాదు, నేర్పడం కావాలని మేము ఈ పత్రికా ముఖంగా సవినయంగా మనవి చేయదలచాము. ఉత్త మాటలతో మనవి చేయడం భావ్యం కాదని, ముందు మేమే చూసివచ్చాము.

గడచిన సంక్రాంతి సెలవులలో మేము నలుగురము, ఉర్దూ మాధ్యమం వారిద్దరు, తెలుగు మాధ్యమం వారిద్దరు, వీపున తలొక సంచీ వేసుకొని ఏడు రోజులు తీరం వెంట తిరిగాము. ఇంట్లో పెద్దలకు ఏ రోజు ఎక్కడ ఉంటామో కాగితం మీద వ్రాసి ఇచ్చాము. తలా మూడున్నర వేలు పోగుచేసుకున్నాము. ఒక రాత్రి ముసాఫిర్‌ఖానాలో, ఒక రాత్రి సత్రంలో, ఒక రాత్రి బంధువుల ఇంట్లో, తక్కిన రాత్రులు రైలులోనూ స్టేషను బల్లల మీదనూ గడిపాము. సంచీలో రెండు జతల బట్టలు, తువ్వాలు, జొన్నరొట్టెలు, కారప్పొడి. ఈత వచ్చినవారు మాలో ఇద్దరే. ఆ ఇద్దరూ నేర్చుకున్నది సాగర్ కుడి కాలువలో.

ఈత మాట వచ్చింది గనుక ఒక సంగతి. మా తాతల తరంలో పల్నాటి పల్లెలలో ఈత రాని మగపిల్లవాడు అరుదు. ప్రతి చేనికీ ఒక మోటబావి ఉండేది. నడుముకు బెండ్లు గాని ఎండిన సొరకాయ బుర్రలు గాని కట్టి, మేనమామ బావిలోకి తోసేవాడు. నాలుగు రోజులకు పిల్లవాడు చేపపిల్ల అయ్యేవాడు. తరువాత బోరుబావులు వచ్చాయి. మోటబావులు ఎండిపోయాయి, కొన్ని పూడిపోయాయి. నీటిని లోతునుంచి పైకి తెచ్చుకున్నాము గాని, నీటిలో దిగే విద్యను ఆ పాడుబడ్డ బావులలోనే వదిలివేశాము. నీరు తెలియని తరం ఒకటి తయారైంది. ఆ తరమే సెలవురోజున సముద్రానికి పరుగెత్తుతున్నది. మన మిత్రుని మరణానికి మూలం సముద్రంలో వెదికితే సగమే దొరుకుతుంది. మిగిలిన సగం మన ఊరి చేలలో ఉంది.

మా తొలి మజిలీ సూర్యలంక. గుంటూరు, తెనాలి మీదుగా బాపట్లకు రైలులో వెళ్లి, అక్కడినుంచి పది కిలోమీటర్ల లోపు. చిత్రమేమంటే, 2022 ఏప్రిల్ 4వ తేదీ వరకు ఈ సముద్రం మన జిల్లాదే. ఆనాడు పల్నాడు, బాపట్ల వేర్వేరు జిల్లాలైనాయి. గుంటూరు జిల్లా పటం గీయమంటే కుడివైపు అడుగున నీలిరంగు పూసిన మనం, ఇప్పుడు పల్నాడు జిల్లా పటంలో ఆ రంగు వాడనక్కరలేదు. పాలనకు అది సౌకర్యమే కావచ్చు. మన చదువుకు కూడా సముద్రం పరాయిదై పోవాలని మాత్రం ఏ ఉత్తర్వులోనూ లేదు.

ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఒక వృద్ధ మత్స్యకారుని దగ్గర కూర్చున్నాము. "యే ఊరయ్యా మీది?" అన్నాడు. వినుకొండ అన్నాము. నవ్వి, "కొండ కాడి వాళ్లు నురగ లేని చోటు చూసి దిగుతారయ్యా. అక్కడ దిగబాకండి" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఉన్నంత పాఠం మేము ఏ తరగతిలోనూ వినలేదు. ఆయన వేలు చూపిన వైపు చూశాము. రెండు పక్కలా అలలు విరిగి తెల్లని నురుగు కక్కుతున్నాయి. మధ్యలో పదిపదిహేను అడుగుల మేర నీరు మట్టిరంగుగా, నునుపుగా, దిగమని పిలుస్తున్నట్లుగా ఉంది. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవాలి గదా! ఇసుకతిన్నెల నడుమ లోతైన చోటు చూసుకొని ఆ నీరు కాలువలాగా వెనక్కి పరుగెత్తుతుంది. లోతు ఎక్కువ గనుక అక్కడ అల విరగదు. అల విరగదు గనుక శాంతంగా కనిపిస్తుంది. కాలువ నీళ్లు తప్ప ఎరుగని మన కంటికి ఆ శాంతమే క్షేమమని తోస్తుంది. సముద్రంలో శాంతంగా కనిపించే చోటే ఒక్కొక్కప్పుడు మృత్యుముఖం.

ఆ లాగుడులో చిక్కినవాడు చేసే పొరపాటు ఒకటే. తిన్నగా ఒడ్డువైపు ఈదబోతాడు. ప్రవాహానికి ఎదురీది, అలసి, మునుగుతాడు. ఆ కాలువ వెడల్పు తక్కువ. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే దానిలోంచి బయటపడవచ్చు, ఆపై అలలే ఒడ్డుకు చేరుస్తాయి. ఈదే శక్తి లేకపోతే పెనుగులాడక వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తి పిలవాలి. ఆ ప్రవాహం లోపలికి లాగుతుందే గాని అడుక్కి లాగదు. ఈ నాలుగు వాక్యాలు ఆ ఆదివారం ఉదయం మన మిత్రునికి ఎవరైనా చెప్పి ఉంటే ఏమయ్యేదో మేము చెప్పలేము. ఎవరూ చెప్పలేదన్నది మాత్రం నిజం. పదిహేనేళ్లు చదువుకున్న విద్యార్థికి ఆ సంగతి తెలియకపోవడం ఎవరి తప్పని మేము అడగడం లేదు. రాబోయే ఏడాది మొదటి సంవత్సరంలో చేరే తమ్ముడికి, చెల్లెలికి ఎవరు చెబుతారని మాత్రమే అడుగుతున్నాము.

మరునాడు చీరాల దగ్గరి ఓడరేవు చేరాము. తెల్లవారుజామున తెప్పలు తిరిగివస్తున్నాయి. తేలిక దుంగలు కొన్నింటిని పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించి కట్టినదే తెప్ప. అరవంలో దీనినే కట్టుమరం అంటారు. ఆంగ్లంలోని కటమరాన్ అనే మాట దానినుంచి పుట్టినదే. ఇప్పుడు ఫైబరు తెప్పలూ, వాటికి మోటార్లూ వచ్చాయి. కానీ ఒడ్డు దగ్గర అల విరిగే చోట మోటారు కంటే మనిషి నేర్పే ప్రధానం. వెనుకనుంచి పెద్ద అల లేచేవరకు తెప్పను నిలిపి ఉంచారు. అది తెప్ప కిందికి రాగానే తెడ్డుతో ఒక్క తోపు తోశారు. తెప్ప ముక్కు వంచి అల మీదనుంచి జారి, బాణంలా వచ్చి ఇసుకలో గుచ్చుకుంది. చుక్కాని తెడ్డు పట్టినవాడు నిలుచునే ఉన్నాడు. బీడీ కూడా ఆరలేదు.

దీనినే ప్రపంచమంతా సర్ఫింగ్ అంటున్నది. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల ప్రజలు చెక్కపలకల మీద అలలపై స్వారీ చేయడాన్ని పద్దెనిమిదవ శతాబ్దం చివరి పాతికేళ్లలో కెప్టెన్ కుక్ నౌకలవారు చూసి ఆశ్చర్యపడి వ్రాసుకున్నారు. తరువాత వచ్చిన మతప్రచారకులకు ఆ ఆట సోమరితనంగా కనిపించింది. ఒక శతాబ్దంలో అది క్షీణదశకు వచ్చింది. హవాయికి చెందిన డ్యూక్ కహనమోకు 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో ఈతలో స్వర్ణపతకం గెలిచి, ఆ కీర్తితో దేశదేశాలు తిరిగి, తన పూర్వుల అలల విద్యను ఆస్ట్రేలియా మొదలైన చోట్ల ప్రదర్శించి నిలబెట్టాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అది తొలిసారిగా పతకాల క్రీడ అయింది. 2025లో తమిళనాడులోని మహాబలిపురంలో జరిగిన ఆసియా పోటీలలో రమేశ్ బుదిహాళ్ అనే భారతీయ యువకుడు కాంస్యపతకం గెలిచాడు. చెన్నపట్నం దగ్గరి కోవళం వంటి పల్లెలలో ఈ క్రీడలో పైకి వచ్చిన యువకులు అనేకులు జాలరి కుటుంబాల వారే. ఇదేదో ధనవంతుల విలాసమని, విదేశీ వ్యామోహమని కొందరు అనుకుంటారు. ఓడరేవులో తెప్ప జారినప్పుడు చూసినవారు ఆ మాట అనరు.

చీరాలనుంచి ఆటోలో మోటుపల్లి వెళ్లాము. ఈనాడు అది చిన్న పల్లె. ఒకనాడు కాకతీయుల ప్రధాన రేవు. మార్కోపోలో తన గ్రంథంలో ముత్‌ఫిలి అని వ్రాసింది ఈ ఊరి పేరేనని చరిత్రకారులు అంటారు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకు ముందు రాజులు, తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును బలవంతంగా స్వాధీనం చేసుకునేవారట. ప్రాణం కంటే ధనం మనుష్యులకు ప్రియమని, అటువంటి ధనాన్ని పణంగా పెట్టి సముద్రానికి సాహసించిన వర్తకుల యెడల దయతో, నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు అభయమిచ్చాడు. ఆ స్తంభం ముందు నిలబడి మేము చాలాసేపు మాట్లాడుకోలేదు. సముద్రం ప్రమాదమని ఆ చక్రవర్తికి తెలుసు. అయినా ఓడలు రావద్దని శాసనం వేయించలేదు. వచ్చినవారికి భయం లేదని వేయించాడు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల క్రితం మన తీరాన పరదేశి వర్తకునికి దొరికిన అభయం ఈనాటి విద్యార్థికి దొరకరాదా?

అక్కడినుంచి మచిలీపట్నం. గోలుకొండ సుల్తానుల కాలంలో ఈ రేవునుంచి అద్దకం వస్త్రాలు పర్షియాకు, తూర్పు దీవులకు వెళ్లేవి. హజ్ యాత్రికులు కూడా ఇక్కడే ఓడ ఎక్కేవారు. 1611లో ఆంగ్లేయులు తమ వర్తకశాలను ఇక్కడ నెలకొల్పుకున్నారు. ఇంతటి పట్నాన్ని 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన ఒక్క రాత్రిలో ముప్పైవేల ప్రాణాలతో ముంచివేసింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన మా తాతలకు నిన్నటి జ్ఞాపకం. మంగినపూడి ఒడ్డున నల్లని బంకమన్ను, లోతులేని నీరు, కెరటాలు మెత్తనివి. మేము మోకాటి లోతులోనే నిలబడ్డాము. సముద్రం వినోదం మాత్రమే అని ఎవరైనా మాకు చెబితే మేము ఒప్పుకోము. ఆ ఉప్పెనల ఊరిలో నిలబడినవాడికి అటువంటి చపలత్వం రాదు. కానీ ఆ ఉప్పెనల తరువాత కూడా ఆ తీరంలో మనుషులు ఉన్నారు, వేటకు వెళుతున్నారు. వారు భయం విడిచినవారు కారు; భయానికి కొలత తెలిసినవారు.

ఇక మా యాత్రలో ప్రధాన ఘట్టం విశాఖపట్నం దగ్గరి రుషికొండ. 2020లో పరిశుభ్రతకు, భద్రతకు అంతర్జాతీయమైన నీలిజెండా గుర్తింపు పొందిన తీరాలలో అది ఒకటి. అక్కడ పలకలు అద్దెకిచ్చి అలల స్వారీ నేర్పే యువకులు ఉన్నారు. మాకు నేర్పిన అన్న జాలరి కుటుంబంలో పుట్టినవాడు. ఈత రాని ఇద్దరికీ నడుము లోతు దాటకూడదని ముందే షరతు పెట్టి, రక్షణ చొక్కా తొడిగించాడు. అందరినీ మొదటి అరగంట ఇసుకలోనే పడుకోబెట్టాడు. పలక మీద బోర్లా పడుకోవడం, రెండు అరచేతులూ రొమ్ముల పక్కన ఆనించడం, ఒక్క ఉదుటున లేచి కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచడం. పడిపోయేటప్పుడు తల ముందుగా పడకూడదు, వెడల్పుగా పడాలి, పైకి తేలేటప్పుడు చేతులు తలకు అడ్డం పెట్టుకోవాలి. పలకను చీలమండకు ఒక తాడుతో కట్టుకోవాలి. పలక ఎన్నడూ నీకూ వచ్చే అలకూ మధ్య ఉండకూడదు. అల దానిని నీ మొహం మీదికే విసురుతుంది. కళాశాలలో చేరిన నాటినుంచి మేము ఇంత శ్రద్ధగా విన్న పాఠం మరొకటి లేదని అధ్యాపకులకు క్షమాపణలతో మనవి చేస్తున్నాము.

తరువాత నీటిలోకి దిగాము. అల అంటే కదిలివచ్చే నీరని ఇన్నాళ్లూ అనుకున్నాము. అది సరి కాదు. వరిచేను మీదుగా గాలి సాగిపోయినప్పుడు కంకులు ఉన్నచోటే ఉంటాయి, వంపు మాత్రం ఈ గట్టునుంచి ఆ గట్టుకు పోతుంది. సముద్రంలోనూ అంతే. ఎక్కడో దూరాన గాలి కొట్టిన దెబ్బ వంపుగా వందల మైళ్లు ప్రయాణించి వస్తుంది. ఒడ్డు దగ్గర లోతు తగ్గి, అడుగు భాగం నేలకు తగిలి వెనుకబడుతుంది, పై భాగం ముందుకు తూలి విరుగుతుంది. ఆ తూలే క్షణానికి ముందు క్షణమే పలక ఎక్కినవానిది. తొందరపడితే అల కింద పడతాము, ఆలస్యమైతే అల మనలను వదిలి పోతుంది. మాలో ఒకరు అల రాగానే దానితో కుస్తీ పట్టబోయి పదిసార్లు పడ్డారు. అన్న నవ్వి, "కెరటంతో తగువెట్టుకోకండి బాబూ! అదొచ్చే ఏలకి మీరు తయారుగుంటే సాలు" అన్నాడు. పదకొండవసారి నిలబడ్డారు.

రెండు ఉదయాలు మేము నీటిలో గడిపాము. ఏడు రోజుల యాత్రలో రైళ్లకు ఎదురుచూసిన గంటలు లెక్కపెడితే రెండు రోజులు అవుతాయి. పలక మీద నిలబడిన సమయం నలుగురిదీ కలిపినా రెండు నిమిషాలు ఉండదు. ఇంత దూరం వెళ్లి, ఇంత ఖర్చు పెట్టి, సంపాదించినది రెండు నిమిషాలేనా అని మా ఇంట్లోనే అడిగారు. అవును, రెండు నిమిషాలే. కానీ ఆ రెండు నిమిషాలకు ముందు నీరు చదవడం నేర్చుకున్నాము. పొద్దున లేచి మొదట ఒడ్డున పావుగంట కూర్చొని, అలలు ఎక్కడ విరుగుతున్నాయి, ఎక్కడ విరగడం లేదు, గాలి ఏ వైపు, పోటా ఆటా అని చూసిన తరువాతనే దిగాలని నేర్చుకున్నాము. ఈత వచ్చినవారమనే గర్వం మాలో ఇద్దరికి పోయింది. ఈత రాదనే సిగ్గు మాలో ఇద్దరికి పోయింది. వారు తిరిగివచ్చిన వారంలోనే ఈత నేర్చుకోవడం మొదలుపెట్టారు.

చివరి రోజు కడలి వెంట భీమునిపట్నం వెళ్లి, డచ్చివారి సమాధుల మధ్య మధ్యాహ్నం రొట్టెలు తిన్నాము. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంనుంచి కాశీయాత్రకు బయలుదేరి, తిరుగు ప్రయాణంలో తూర్పుతీరపు దారిన ఇళ్లకు చేరుకునేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. రైలు లేని కాలంలో ఆయన పల్లకిలో మజిలీ మజిలీకి దినచర్య వ్రాసుకుంటూ సాగారు గనుకనే తెలుగుకు ఒక గొప్ప యాత్రాగ్రంథం దక్కింది. పదిహేను నెలల తీరిక మనకు లేదు. ఏడు రోజులు దొరకవా?

ఇప్పుడు మాకు ఎదురయ్యే ఆక్షేపణలకు సమాధానం చెప్పుకోవడం న్యాయం. మొదటిది, ఖర్చు. మిరప ధర పడిపోయిన ఏడాది పల్నాటి రైతు బిడ్డకు విహారమా అని అడుగుతారు. మేమూ ఆ రైతుల బిడ్డలమే. హైదరాబాదుకు బస్సు కట్టించుకొని, ఒకే రోజులో ఐదు చోట్ల దిగి ఎక్కి, ఫోటోలు తప్ప ఏమీ మిగలని యాత్రకు అయ్యే ఖర్చులో బాపట్లకు, చీరాలకు రెండుసార్లు వెళ్లవచ్చు. విశాఖదాకా అందరూ వెళ్లనక్కరలేదు. అలల స్వారీ అందరికీ కుదరనూ కుదరదు. నీటిని చదవడం మాత్రం అందరికీ కావాలి.

రెండవది, కాలహరణం. పోటీపరీక్షల రోజులలో వారం రోజులు వృథా కావా అంటారు. మా సెలవులు ఫోనుల మీద ఎలా గడుస్తాయో పెద్దలకు తెలియనిది కాదు. తీరిక అనేది దొరికే వస్తువు కాదు, తీసిపెట్టుకునే వస్తువు. ఒక వారం తీసిపెట్టుకొని భూగోళం, చరిత్ర, భౌతికశాస్త్రం మూడూ ఒకే ఒడ్డున చూసిరావడం చదువుకు అడ్డు కాదు.

మూడవది ముఖ్యమైనది, మా సోదరీమణుల సంగతి. మేము తిరిగివచ్చి కబుర్లు చెబుతుంటే ఒక సోదరి, "మీరు వెళ్లారు, చూశారు, వచ్చారు. మాకు ఎవరు నేర్పుతారు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది. మర్యాదకు భంగమని పెద్దలు సంకోచించవచ్చు. కానీ ఎండనుంచి, పలక రాపిడినుంచి కాపాడుకోవడానికి ఆ క్రీడాకారులలో అనేకులు ధరించేది మెడనుంచి మణికట్టు దాకా, చీలమండ దాకా ఒంటిని కప్పే దుస్తులే. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజారులో పేద ఇళ్ల ఆడపిల్లలు ఇదే సముద్రపు అలల మీద నిలబడుతున్నారు. అధ్యాపకురాండ్రు వెంట ఉండి, వేరు సమయం, వేరు చోటు ఏర్పాటు చేస్తే అభ్యంతరం ఏముంటుంది? నీరు మునిగేవారిని ఆడా మగా అని చూడదు. అటువంటప్పుడు నీటి విద్య ఒకరికే చెప్పడం ధర్మమా?

నాలుగవది, ప్రమాదం. దీనికి మా దగ్గర తేలికైన జవాబు లేదు. సముద్రం ఎప్పటికీ నూటికి నూరు పాళ్లు క్షేమం కాదు. మేము కూడా భయపడ్డాము. ఒకసారి అల కింద తలకిందులై, పైకి ఏ దిక్కో తెలియక నాలుగైదు క్షణాలు ఉన్నప్పుడు, మాలో ఒకరికి ఆ మిత్రుడే జ్ఞాపకం వచ్చాడు. కానీ చీలమండకు తాడు ఉంది, పక్కన నేర్పే మనిషి ఉన్నాడు, లోతు నడుము వరకే ఉంది. ఆయనకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. భేదం అంతా అక్కడే ఉంది.

కాబట్టి కమిటీ పెద్దలకు మా విన్నపాలు ఇవి. మొదటి సంవత్సరంలో చేరిన ప్రతి విద్యార్థికీ, విద్యార్థినికీ ఈత నేర్పే ఏర్పాటు చేయండి. మన పట్టణంలో కుదరకపోతే దగ్గరి పట్టణంలో ఈతకొలను ఉన్నచోట సెలవురోజులలో మాట్లాడి పెట్టండి. ఏడాదికి ఒకసారి, తుఫానుల రోజులైన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలు విడిచి, సూర్యలంకకో ఓడరేవుకో అధ్యాపకులతో యాత్ర తిరిగి ప్రారంభించండి. ఆ యాత్రలో మొదటి గంట నీటిలో కాక, తీరంలో ఒక అనుభవజ్ఞుడైన మత్స్యకారుని ముందు కూర్చోబెట్టండి. ఆయనకు ఉపన్యాసకునికి ఇచ్చే గౌరవమే ఇచ్చి, పారితోషికం కూడా ఇవ్వండి. తల్లిదండ్రుల సమ్మతిపత్రం, రక్షణ చొక్కాలు, లోతు హద్దు తప్పనిసరి చేయండి. ఈత వచ్చి, ఉత్సాహం ఉన్న కొద్దిమందిని రుషికొండకు పంపే అవకాశం ఆపై ఆలోచించండి. ఆ ప్రయాణపు లెక్కలు, రైళ్ల వేళలు, బస చేయగల చోట్లు మేము ఒక నోటుపుస్తకంలో వ్రాసి గ్రంథాలయంలో ఉంచాము.

సోదర విద్యార్థులకు కూడా ఒక మాట. కమిటీ వారు ఒప్పుకునేదాకా దొంగతనంగా వెళ్లవద్దు. మనం చెప్పకుండా వెళ్లిన ప్రతిసారీ వారి నిషేధానికి ఒక కారణం మనమే అందిస్తున్నాము. వెళ్లదలిస్తే ఇంట్లో చెప్పి, ఈత నేర్చి, ఒడ్డున పావుగంట కూర్చొని, నురుగు లేని చోటు ఎక్కడ ఉందో గుర్తించి, దానికి దూరంగా, మోకాటి లోతులో నిలబడండి. ఆ మాత్రం సముద్రం కూడా చిన్నది కాదు.

ఉర్దూలో అలను మౌజ్ అంటారు. అదే మాటకు ఉల్లాసమనే అర్థం కూడా ఉంది. ఆ మౌజ్ తెలుగింటికి వచ్చి మోజు అయిందని పెద్దలు చెబుతారు. ఒకే మాటలో అలా, ఆనందమూ కలిసి ఉన్న రెండు భాషలు మన కళాశాలలో పక్కపక్క గదులలో చదువుకుంటున్నాయి. మోజు ఉన్నచోట ఎరుక లేకపోవడం వల్ల మనం ఒకరిని పోగొట్టుకున్నాము. ఎరుక నేర్పితే మోజు దోషం కాదు. మోటుపల్లి రాతిస్తంభంలాగా మన కమిటీ వారు కూడా ఒక అభయశాసనం వ్రాయించి నోటీసు బోర్డు మీద పెట్టే రోజు కోసం ఎదురుచూస్తున్నాము. ఆ జాబితాలో సముద్రం పేరు తిరిగి చేరిన నాడు, తొలి యాత్రకు బయలుదేరే ముందు, మన వీధిలోని ఆ తల్లి దగ్గరకు వెళ్లి ఆమె అనుమతి అడిగి వెళదాము.